ఉప్పుగాలిలో అక్క గొంతు

మా అక్క ఉప్పుగాలి వచ్చే రోజున ఇల్లు విడిచి వెళ్ళింది. దానికి దారి ఇచ్చింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆఖర్న చెబుదామనుకుంటే మళ్ళీ ధైర్యం చాలదు, నా సంగతి నాకు తెలుసు.

మాది కొండ పక్కను తొలిచి కట్టిన ఊరు. మాకు పైన ఒక ఊరు, కింద ఒక ఊరు. పై ఊరివాళ్ళకు రాతి తలుపులున్నాయి. వాళ్ళకు గాలితో పనిలేదు, మాతో అసలే లేదు. కింద ఊరివాళ్ళు గాలి రాకముందే మూటాముల్లే సర్దుకుని కొండ అవతలికి వెళ్ళిపోతారు. మేం అటూ ఇటూ కాని వాళ్ళం. కొయ్య తలుపులు మూసుకుని, వాటిమీద బయటినుంచి సున్నం కలిపిన మట్టి మెత్తించుకుని, నలభై రోజులు లోపలే కూర్చుంటాం. ఎండిపోయిన ఏటి అడుగునుంచి ఉప్పు లేచి గాలిలో కలిసి వస్తుంది. నాలుగు రోజులు ఆ గాలి పీల్చిన ముసలివాళ్ళెవరూ బతికి బట్టకట్టలేదు.

తలుపులు మెత్తే పని ఊరందరికీ కలిపి ఒక్కడిదే. ఆయన్ను మట్టితాత అనేవాళ్ళం. అందరి తలుపులూ మెత్తి, తను మాత్రం నేలలో తవ్వుకున్న ఇంట్లోకి పైనుంచి దిగి, రాతిపలక లాక్కునేవాడు. "నీ తలుపు ఎవరు మెత్తుతారు తాతా?" అని చిన్నప్పుడు అడిగితే, "నన్ను చూస్తే గాలికే భయం" అనేవాడు. మెత్తింది గట్టిపడడానికి ఒక పూట పడుతుంది. ఒకసారి గాలి మొదలయ్యాక ఆ ముద్ర పగిలిందంటే మళ్ళీ మెత్తే వీలు లేదు.

మెత్తే ముందు మట్టితాత లెక్క అడుగుతాడు. బయట నిలబడి తలుపు మీద అరచేత్తో కొట్టి, "లోపలెవరు?" అంటాడు. లోపలివాళ్ళు ఒక్కొక్కరే "ఉన్నాను" అనాలి. ఆయన వేళ్ళు మడుచుకుంటాడు. ఏ ఇంట్లో ఎన్ని గొంతులో ఆయనకు కంఠతా వచ్చు. ఒక్కటి తగ్గినా మెత్తడు. ఒకటి పెరిగితే మాత్రం నవ్వుకుని మెత్తేస్తాడు. ఎందుకంటే లెక్కలో ఏ ఇంట్లో పలికితే ఆ మనిషి ఆ ఇంటిదే అని మా ఊరి కట్టుబాటు. పెద్దవాళ్ళు ఒప్పుకోని పెళ్ళిళ్ళు సగం అలాగే జరిగాయి. గాలి ముందు పిల్ల వెళ్ళి అబ్బాయి ఇంట్లో కూర్చుని "ఉన్నాను" అనేస్తే సరి, నలభై రోజుల తర్వాత ఆ ఇంటి కోడలిగా బయటికి వస్తుంది. ఇక ఎవరూ కాదనడానికి లేదు.

అక్క మనసు సున్నపు బట్టీవాళ్ళ అబ్బాయి మీద పడింది. మా నాన్నకూ ఆ అబ్బాయి తండ్రికీ పదేళ్ళుగా మాటల్లేవు. కారణం ఒక గాడిద. అది ఎవరి గాడిదో, ఎవరి గడ్డి తిందో ఇద్దరూ మర్చిపోయారు గానీ పంతం మాత్రం మర్చిపోలేదు. పైగా నాన్న తాళ్ళు పేనేవాడు. అక్క చేతిలో పడ్డ నార ఒక్క ముడి లేకుండా వచ్చేది. ఆ చెయ్యి వదులుకోవడం ఆయనకిష్టం లేదు.

"నువ్వు నాకు ఒక్క మాట సాయం చేస్తే చాలు పిచ్చుకా" అంది అక్క, ముందురోజు నార దువ్వుతూ. మేమిద్దరమే ఉన్నప్పుడు నన్ను పిచ్చుక అనేది. నలుగురిలో ఎప్పుడూ అనేది కాదు.

"ఏం మాట?"

"ఉన్నాను. రెండుసార్లు అను. ఒకటి నీకు, ఒకటి నాకు."

మా ఇద్దరి గొంతులూ దగ్గర దగ్గరగానే ఉండేవి. అక్క గొంతులో కాస్త జీర, అంతే. వెనక గదిలోంచి పిలిస్తే అమ్మే ఎవరో పోల్చుకోలేకపోయేది. నాకు నవ్వొచ్చింది. నాన్నను ఒక్కసారైనా బోల్తా కొట్టించాలని నాకెప్పటినుంచో ఉంది. సరేనన్నాను.

మర్నాడు నాన్న నాయనమ్మ మంచాన్ని లోపలి గోడకు జరుపుతుంటే, అక్క నన్ను ఒకసారి గట్టిగా పట్టుకుని బయటికి జారిపోయింది. కాసేపటికి తలుపు మీద అరచెయ్యి పడింది. నాన్న "ఉన్నాను" అన్నాడు. అమ్మ అంది. నాయనమ్మ దగ్గు ఆపుకుని అంది. నేను వెనక గది చీకట్లో నార మోపుల మధ్య కూర్చుని నా గొంతుతో ఒకసారి, గొంతు బిగించి జీరగా ఇంకోసారి అన్నాను. "ఐదు" అన్నాడు మట్టితాత. తర్వాత తాపీ చప్పుడు మొదలైంది. అది ఆగేదాకా నేను నోరు నొక్కుకుని నవ్వుతూనే ఉన్నాను.

సాయంత్రం దీపం పెట్టాక రొట్టెలు పంచుతూ అమ్మ "అక్కను పిలు" అంది. ఇక దాచేదేముంది, చెప్పేశాను. అప్పటికి బయట గాలి మొదలైంది. ఎవరో తలుపుకు గరుకు రాయి వేసి తోముతున్నట్టుంది.

నాన్న చేతిలో రొట్టె కింద పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "సున్నంవాడింటికా?" అన్నాడు. "పోనీ. పోయిందిగా. పీడా వదిలింది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ కాసేపు కళ్ళొత్తుకుంది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి గుసగుసగా, "అబ్బాయి మంచివాడేనా?" అంది.

"మంచివాడేనమ్మా."

"అయితే సరేలే. ఇక్కడుంటే మీ నాన్న దాన్ని నారకే కట్టిపడేసేవాడు" అని, నాకు తన రొట్టెలో సగం విరిచి పెట్టింది.

మా ఇంట్లో రెండు గదులు. గాలినాళ్ళల్లో ఆ రెండూ కలిసి ఒకటైపోతాయి. గోడలో ఒకచోట సీసా అడుగు పొదిగి ఉండేది. దానిలోంచి అరచేతి మందాన పచ్చటి వెలుతురు వచ్చేది. అది కనబడితే పగలు, లేకపోతే రాత్రి. నీళ్ళు మనిషికి రోజుకి మూడు చెంబులు. గుమ్మం ఎదురుగా నాన్న తాడు పేనే కొక్కెం బిగించేవాడు, నేను అక్క చోట్లో కూర్చుని నార అందించేదాన్ని. నా చేతిలో తాడు ఉండలు కట్టేది. నాన్న ప్రతి ఉండనూ చూపుడువేలితో తడిమి, నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా విప్పేవాడు. తిట్టినా బాగుండు. అక్క మీద అప్పుడే నాకు కోపం మొదలైంది. అది కొత్త ఇంట్లో హాయిగా నవ్వుతూ కూర్చుంటుంది, నేనిక్కడ కుడితిలో పడ్డ ఎలుకలా నాన్న ఎదురుగా గిలగిల్లాడాలి. పదో రోజుకల్లా నా వేళ్ళ చివర్లు పగిలిపోయాయి.

నాయనమ్మ మాత్రం హుషారుగానే ఉండేది. దగ్గు తెరలు తెరలుగా వచ్చేది, రెండు తెరల మధ్య కథ చెప్పేది. ఆ కథ మా ఊళ్ళో అందరికీ వచ్చు. మొదట్లో ఏడు ఇళ్ళవాళ్ళు ఏటి ఒడ్డున ఉండేవారట. ఏరు ఎండిపోతుంటే ఒక్క దణ్ణమైనా పెట్టకుండా దాన్ని వదిలేసి కొండెక్కారట. ఏరు చచ్చి గాలైంది. ఏటేటా తన మనుషుల్ని వెతుక్కుంటూ వస్తుంది. తలుపుల దగ్గర కాచుకుని లెక్కలో పలికిన గొంతులు వింటుంది. నడుమ ఎప్పుడైనా హోరు ఆగి నిలకడ వస్తే, అది నిజం నిలకడ కాదు. అప్పుడు గాలి మనవాళ్ళ గొంతుతో వచ్చి తలుపు కొడుతుంది.

"అప్పుడేం చెయ్యాలి?" అని అడగడం మా వంతు.

"చెవులు మూసుకుని కూర్చోవాలి. లోపలున్న వాళ్ళని లెక్కపెట్టుకోవాలి. అందరూ ఉంటే బయటున్నది గాలే" అనేది నాయనమ్మ.

పదకొండో రోజు నడిమధ్యాహ్నం హోరు ఆగింది. పది రోజులు చెవిలో మోగిన మోత ఒక్కసారిగా లేకపోయేసరికి ఒళ్ళంతా తేలికైపోయింది. సీసా అడుగున వెలుతురు పెరిగింది. నాన్న కొక్కెం తిప్పడం ఆపాడు.

ఎవరో తలుపు కొట్టారు.

మెల్లగా, మూడు దెబ్బలు. అమ్మ లేచి నిలబడింది. మళ్ళీ మూడు. ఆ తర్వాత గొంతు. "అమ్మా" అంది. మట్టి వెనకనుంచి, కొయ్య వెనకనుంచి, సన్నగా, బొంగురుగా. "అమ్మా... తలుపు తియ్యండి. నేనే."

"అది నా కూతురు" అంది అమ్మ.

"కూర్చో" అన్నాడు నాన్న. ఆయన మొహం తెల్లబడిపోయింది. "నీ కూతురు సున్నంవాడింట్లో ఉంది. వాళ్ళ రొట్టెలు తింటూ ఉంది. బయటికెందుకొస్తుంది? ఎవరి ముద్ర పగలగొట్టుకుని వస్తుంది? బుద్ధుండే మాట్లాడుతున్నావా?"

"ఏమండీ, ఒక్కసారి వినండి ఆ గొంతు."

"వింటున్నా. అందుకే కూర్చోమంటున్నా."

అమ్మ మూలనున్న గడ్డపార తీసింది. నాన్న వెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "ఇది పగిలితే మళ్ళీ మెత్తేవాడు లేడు. ఇంకా ఇరవై తొమ్మిది రోజులుంది. అదిగో మా అమ్మ. నాలుగు రోజులు బతకదు. గాలి మాయకి నా తల్లిని చంపుకోమంటావా?"

 నాన్నను చెడ్డవాడిగా చెప్పాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా ఈ చోటికి వచ్చేసరికి నాకు చేతకాదు. ఆయన నిజంగానే భయపడ్డాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు కూడా. అక్క భద్రంగా ఉందని ఆయనతో చెప్పింది నేనే కదా.

నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఒరే, నా పేరు చెప్పి ఆగొద్దురా" అంది. "నేను చెప్పేవన్నీ మా అమ్మ చెప్పినవే. ఇన్నేళ్ళొచ్చాయి, ఒక్క ఏడాది కూడా గాలి నన్ను పిలిచిన పాపాన పోలేదు. ఇది గాలో మనిషో నాకేం తెలుసు?"

బయట దెబ్బలు ఇంకా పడుతున్నాయి. ఇప్పుడు తలుపు అడుగునుంచి వినిపిస్తున్నాయి. మనిషి కూలబడినట్టుంది. "పిచ్చుకా" అంది ఆ గొంతు. "నీకు దణ్ణం పెడతానే. తియ్యవే పిచ్చుకా."

అమ్మ ఆ పేరు ఎప్పుడూ వినలేదు. నాన్న వినలేదు. "చూశావా? పిచ్చుకట! మనింట్లో ఎవరే పిచ్చుక?" అన్నాడాయన, గెలిచినవాడిలా. అమ్మ చేతిలో గడ్డపార కిందికి వాలింది. మళ్ళీ అంతలోనే ఏదో ఆశ పుట్టి నావైపు తిరిగింది.

"నీకు తెలుస్తుంది. నువ్వు చెప్పు తల్లీ. అది అక్కేనా?"

లెక్కలో ఎవరూ పిచ్చుక అనలేదు. గాలి ఆ పేరు ఎక్కడా నేర్చుకునే దారి లేదు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు, ఇప్పుడు కూర్చుని అల్లుకున్న మాట కాదు.

"కాదమ్మా" అన్నాను. "అక్క సున్నంవాళ్ళింట్లో ఉంది."

భయం వల్ల అన్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. బయటున్నది అక్క అయితే, పది రోజులుగా ఎక్కడుందో ఏమైందో, అంతా నా రెండు "ఉన్నాను"ల పాపమే. బయటున్నది గాలి అయితే నా తప్పేమీ లేదు. నాకు గాలే కావాలి. అందుకని గాలే అన్నాను.

అమ్మ గడ్డపారను నెమ్మదిగా మూలన పెట్టింది. దెబ్బలు ఇంకో రెండు పడ్డాయి, ఆ తర్వాత ఆగిపోయాయి.  ఒక కుండెడు నీళ్ళు కాగేంతసేపటికి మళ్ళీ హోరు మొదలైంది. "పద, తాడు సగంలో ఉంది" అన్నాడు నాన్న. వెళ్ళి కొక్కెం తిప్పాడు. నేను నార అందించాను.

ఆ తర్వాతి ఇరవై తొమ్మిది రోజులు ఆ తలుపుకు ఎదురుగానే కూర్చున్నాను. ఆ గదిలో కూర్చోవడానికి ఇంకో చోటు లేదు. కళ్ళు ఎత్తితే తలుపు, దించితే నార. చెప్పేద్దామని రోజుకు పదిసార్లు నోరు తెరిచాను. చెప్పి ఏం లాభం? చెబితే అమ్మ ఆ తలుపు గోళ్ళతోనైనా పగలగొడుతుంది, అప్పుడు నాయనమ్మ పోతుంది, బయట చూస్తే అక్క... ఆ తర్వాతి మాట ఊహించలేక నోరు మూసుకునేదాన్ని. మింగలేక కక్కలేక చచ్చాను.  నా వాటా నీళ్ళలో సగం నాయనమ్మ చెంబులో పోసేదాన్ని. "బంగారు తల్లి" అనేది ఆవిడ. ఆ మాట వింటే వెనక గదిలోకి వెళ్ళి నార మోపుల్లో మొహం దాచుకోవాలనిపించేది.

అమ్మ పొద్దున లేవగానే వెళ్ళి తలుపు అడుగున అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చునేది. ఒకరోజు నాన్న "ఏం చూస్తున్నావే అక్కడ?" అని కసిరితే, "ఏమీ లేదు. గాలి ఎంత చల్లగా ఉందో చూస్తున్నా" అంది. నా తాడులో ఉండలు తగ్గాయి. ముప్ఫై రోజులు దాటేసరికి ఒక్క ముడి లేకుండా వచ్చింది. నాన్న వేలితో తడిమి, "ఆ... ఇప్పుడు పట్టుబడింది పని" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. నేను తలెత్తకుండా ఇంకో నారపోచ అందుకున్నాను.

నలభయ్యో రోజు పొద్దున హోరు సన్నబడి సన్నబడి పోయింది. కాసేపటికి తలుపు మీద ఉలి పడింది. ఏటా ఆ చప్పుడుకి మా వీధి మొత్తం లోపల్నుంచే కేకలు పెట్టేది, పిల్లలు గిన్నెలు మోగించేవాళ్ళు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ లేవలేదు. పెళ్ళలు రాలాయి. తలుపు తెరుచుకుంది. వెలుతురుకి కళ్ళు మూసుకుపోయాయి.

"ఐదు లెక్కిచ్చి నాలుగు పెట్టుకున్నారేం?" అన్నాడు మట్టితాత గుమ్మంలో నిలబడి. ఆయన గొంతులో నవ్వు లేదు. "ఐదోది నా దగ్గరుంది, తెచ్చాను."

ఆయన వెనక, ఆయన కండువా కొస పట్టుకుని, అక్క నిలబడి ఉంది. సగానికి సగం అయిపోయింది. కళ్ళకు తడిగుడ్డ కట్టి ఉంది.

"నిలకడ వచ్చిన రోజున నా పైపలక మీద పడి ఉంది" అన్నాడు తాత. "పది రోజులు సున్నపు బట్టీలో దాక్కుందట పిచ్చిపిల్ల. నీళ్ళు ఒక్క తిత్తెడు. సున్నం కళ్ళల్లో పడింది. కడిగాను, చాలా కడిగాను. వెలుతురూ చీకటీ తెలుస్తున్నాయి. అంతకుమించి ఇక తెలియదు."

అమ్మ లేవబోయి తూలింది. నేను పట్టుకున్నాను. నా భుజం మీద చెయ్యి వేసుకుని, అడుగులో అడుగు వేస్తూ గుమ్మం దాటింది. రెండో చేత్తో అక్క మొహం తడిమింది. నుదురు, ముక్కు, పగిలిన పెదవులు. 

"అమ్మా" అంది అక్క. "అమ్మవే కదూ? వాళ్ళు నన్ను లెక్కలో పలకనివ్వలేదమ్మా. 'మేం నలుగురమే' అని ఆ అబ్బాయి నాన్న తలుపు మూసేశాడు. వాడు పక్కనే ఉన్నాడు. తలొంచుకుని నిలబడ్డాడు. అప్పటికే మన తలుపు మెత్తేశారు. నాన్న దగ్గరికి రావడానికి నాకు మొహం చెల్లలేదు."

నాన్న లోపల గోడకు చేరబడి ఉన్నాడు.  నాయనమ్మ మంచం మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"కానీ ఆ రోజు ఎంతసేపు కొట్టానో తెలుసా?" అంది అక్క. నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "చేతులు వాచిపోయేలా కొట్టాను. అరిచాను. లోపల అలికిడే లేదు. నిద్రపోతున్నారా అమ్మా, అందరూ?"

అమ్మ పెదవులు కదిలాయి. ఏం చెప్పబోయిందో నాకు తెలియదు. తెలుసుకునేదాకా ఆగే ధైర్యం లేకపోయింది.

"అవునక్కా" అన్నాను. "నిద్రపోతున్నాం."

అక్క మొహం చటుక్కున నావైపు తిరిగింది. గుడ్డ కింద ఆ మొహం అంతా వెలిగిపోయింది. చేతులు రెండూ గాల్లోకి చాపింది.

"పిచ్చుకా! నువ్వేనా? చూశావా, గొంతు వినగానే గుర్తుపట్టాను!"

అమ్మ నా భుజం మీదినుంచి చెయ్యి తీసేసింది.